ఏడుపు ఆపే సిరప్ లేదు, ఆ ముక్క తండ్రులకి ముందే చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నాది నరసన్నపేటలో మెడికల్ షాపు. ఆమధ్య మీ జిల్లా పేజీలో పసిపిల్లల టీకాల షెడ్యూల్ వేశారు, చాలామందికి పనికొచ్చింది. కానీ అదే వయసు పిల్లల గురించి మన ఆస్పత్రుల్లో గానీ పేపర్లలో గానీ పెద్దగా ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది, ఏడుపు ఆపలేక చిరాకులో పసివాణ్ని గట్టిగా కుదిపేస్తే ఏమవుద్దో, అది రాయాలనే ఈ ఉత్తరం.

రాత్రి షట్టర్ సగం దించేసే టైముకి మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఒక రకం ఉంటారు. ఇరవై నాలుగు, పాతికేళ్ల కుర్రాడు, బండి ఆపకుండానే, "అన్నా, గుంటడు సాయంత్రం నుంచి గుక్కపట్టి ఏడుస్తన్నాడు, ఊరుకోవట్లేదు, పడుకోడానికి ఏదైనా సిరప్ ఉంటే ఇవ్వన్నా" అంటాడు. ఎన్నో నెల అని అడిగితే నెలన్నర అంటాడు, లేదంటే రెండో నెల నడుస్తంది అంటాడు. దాదాపు ఎప్పుడూ ఇదే వయసు. ఎందుకంటే పిల్లల ఏడుపుకి ఒక లెక్కుంది, పుట్టిన రెండో వారం నుంచి మెల్లగా పెరిగి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య బాగా ఎక్కువైపోయి, మూడు నాలుగు నెలలు వచ్చేసరికి దానంతటదే తగ్గిపోద్ది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డే, కడుపునిండా పాలు తాగిన బిడ్డే, సాయంత్రం అయ్యేసరికి గంటలకొద్దీ ఏడుస్తాడు, ఎత్తుకున్నా ఆగడు, పడుకోబెట్టినా ఆగడు. ఇది తెలీక ఇంట్లో ఒకళ్లు దిష్టంటారు, ఒకళ్లు వాము నీళ్లు పట్టమంటారు, అత్తగారేమో తల్లికి పాలు చాలట్లేదని తేల్చేసి మర్నాడే డబ్బా పాలు తెప్పిస్తారు (ఆ డబ్బా అమ్మేది నేనే, అయినా చెప్తున్నాను). ఇక నిద్ర సిరప్ అంటే వాళ్లు అడిగేది ప్రోమెథాజీన్, అది రెండేళ్ల లోపు పిల్లలకి అస్సలు ఇవ్వకూడదు, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. నేను ఇవ్వను. ఇవ్వనంటే ఇంకో షాపుకి పోతారు, అదీ తెలుసు.

సిరప్ దొరకని కుర్రాడు మళ్లీ ఆ ఏడుపు దగ్గరికే వెళ్లాలి కదా, నా భయమంతా అక్కడే. నిద్రలేదు, పొద్దున్నే డ్యూటీ, పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూస్తుంటారు, ఆ చిరాకులో పిల్లాణ్ని రెండు చంకల కింద పట్టుకుని "ఊరుకోరా" అని గట్టిగా కుదిపేస్తే కొన్ని సెకన్లలో అయిపోద్ది. దీన్నే షేకెన్ బేబీ సిండ్రోమ్ అంటారు. పసివాడి తల ఒంటితో పోలిస్తే చాలా పెద్దది, బరువు, మెడ ఇంకా నిలబడదు, లోపల మెదడు పెద్దవాళ్ల మెదడు కన్నా మెత్తగా ఉంటుంది. కుదిపినప్పుడు తల ముందుకీ వెనక్కీ కొట్టుకుని, మెదడు మీద నుంచి వెళ్లే సన్న రక్తనాళాలు తెగి లోపల రక్తం చేరుతుంది, కంటి వెనక పొరలో కూడా రక్తం వస్తుంది, మెదడు వాస్తుంది. ఇలా బలంగా కుదిపిన పిల్లల్లో కనీసం నలుగురిలో ఒకరు చనిపోతారని అమెరికా ఆరోగ్య శాఖ వాళ్ల సీడీసీ చెప్తుంది, బతికినవాళ్లలో చాలామందికి చూపు పోవడమో, ఫిట్సో, నడక మాట రాకపోవడమో జీవితాంతం ఉండిపోతుంది. పైకి మాత్రం చిన్న కమిలిన గుర్తు కూడా కనపడకపోవచ్చు.

మనోళ్లకి పసిపిల్లని కొట్టడం తప్పని తెలుసు, కుదపడం తప్పని తెలీదు. 1971లో దీని గురించి మొదటిసారి రాసిన గుత్‌కెల్చ్ అనే న్యూరోసర్జన్ కూడా బ్రిటన్ తల్లిదండ్రులు ఇలాగే అనుకుంటున్నారని రాశాడు, తల మీద కొట్టేకన్నా కుదపడం నయం అని. అలాగని అందరూ హడలిపోనక్కర్లేదు. చీర ఉయ్యాలలో ఊపడం, ఒళ్లో పెట్టుకుని మెల్లగా ఆడించడం, మన రోడ్ల గోతుల్లో ఆటోలో తీసుకెళ్లడం, వీటి వల్ల ఇది రాదు. నీళ్లు పోశాక పిల్లల్ని కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది, అది మాత్రం మానేస్తే మంచిది.

మన దగ్గర ఇవన్నీ ఎక్కడున్నాయండీ అంటారు కొందరు. ఫిట్స్ వచ్చాయని, ఉయ్యాల్లోంచి పడ్డాడని తెచ్చిన ప్రతి పసివాడికీ తల స్కానింగ్ తీసి, కంటి డాక్టరు లోపలి పొర చూసి, అప్పుడు చెప్తున్నారా లేదని? చూడనిది లేదనుకోవడం సులువే.

అసలు విషయానికొస్తాను. బయటి దేశాల్లో లెక్కలు చూస్తే పిల్లల్ని ఇలా కుదిపేసేవాళ్లలో తండ్రులు, తల్లితో ఉండే మగవాళ్లే ఎక్కువ. మన దగ్గర జాగ్రత్తలన్నీ ఎవరికి చెప్తారు? తల్లికీ అమ్మమ్మకీ. డిశ్చార్జ్ రోజున ఆ కుర్రాడు కాగితాలు పట్టుకుని కౌంటర్ దగ్గరో మా షాపు దగ్గరో ఉంటాడు. తర్వాత తల్లీబిడ్డా పుట్టింటికి, అతను వైజాగో హైదరాబాదో పనికి. శనివారం రాత్రి బస్సు దిగి అత్తారింటికొచ్చేసరికి పిల్లాడు సరిగ్గా ఆ ఎక్కువ ఏడ్చే వారాల్లో ఉంటాడు, అది మామూలేనని అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం పశ్చిమ భాగంలో 1998 చివర్లో డాక్టర్ మార్క్ డయాస్ అనే ఆయన ఒక పద్ధతి పెట్టారు. కాన్పు అయిన ఆస్పత్రిలోనే, ఇంటికి పంపేలోపు తల్లితో పాటు తండ్రికి కూడా దీని గురించి కాగితం ఇచ్చి, వీడియో చూపించి, మాకు తెలిసింది అని సంతకం పెట్టించుకోవడం. 2005లో వచ్చిన ఫలితాల్లో ఇలాంటి కేసులు 47 శాతం తగ్గాయి. ఖర్చు దాదాపు లేని పని. అయితే అదే పద్ధతి తర్వాత పెన్సిల్వేనియా రాష్ట్రమంతా పెడితే ఆస్పత్రి కేసులు తగ్గలేదు, అది కూడా చెప్పాలి. నాకర్థమైనంతవరకు కాన్పు హడావుడిలో ఒక్కసారి సంతకం పెట్టించుకుంటే చాలదు, ఏడుపు ఎక్కువయ్యే టైముకి మళ్లీ గుర్తు చెయ్యాలి.

ఆ టైము మనకి రెడీగానే ఉంది. ఆశా కార్యకర్త ఆస్పత్రి కాన్పు అయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్తుంది. 42వ రోజంటే ఆరు వారాలు. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి కలిపి వేసే టీకా) మొదటి ఇంజెక్షన్ కూడా ఆరు వారాలకే, ఆ రాత్రి ఏడుపు గురించి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఇంటికి వచ్చే విజిట్ మూడో నెలకి గానీ లేదు. కాబట్టి 42వ రోజున బరువు, టీకా కార్డు చూసి వెళ్లిపోకుండా తండ్రికి ఒక ఫోన్ చేయించండి, స్పీకర్ పెట్టి చెప్పండి, రెండు నిమిషాల పని. ఆశాల నెత్తిన ఇప్పటికే చాలా పనులున్నాయి, యాప్ ఎంట్రీలే సగం రోజు తింటాయి, ఒప్పుకుంటాను, ఇది మాత్రం చేర్చండి.

ఏం చెప్పాలంటే, ముందు ఆకలి, తడి గుడ్డ, చీమ కాటు, బిగుతు బట్ట, ఒళ్లు వేడి చూసుకో. అన్నీ బాగుండీ ఏడుస్తుంటే ఎత్తుకుని తిప్పు. నీకే కోపం నషాళానికి ఎక్కుతుంటే పిల్లాణ్ని మంచం మీద కాకుండా చాప మీదో, కిందపడిపోని ఇంకో చోటో వెల్లకిలా పడుకోబెట్టి బయటికొచ్చి వీధిలో నిలబడు, ఐదు పది నిమిషాలాగి వచ్చి చూడు, లేదా ఇంకొకళ్ల చేతికివ్వు. అంతసేపు ఏడిస్తే బిడ్డకేం కాదు. తల్లి రోజుల తరబడి దిగులుగా ఉన్నా, నీకే ఎవరితోనైనా మాట్లాడాలనిపించినా మనసు బాగోనప్పుడు మాట్లాడ్డానికి సర్కారు వాళ్ల ఫోన్ లైన్ టెలి మానస్ 14416 ఉంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

పాలు తాగడం మానేసినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి సరిగా ఆడకపోయినా, మాడు ఉబ్బెత్తుగా కనపడినా, రెండు నెలల లోపు బిడ్డకి జ్వరం వచ్చినా మా షాపుకి రావద్దు, 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి పోండి. ఎవరైనా కుదిపి ఉంటే ఆ మాట డాక్టరుకి దాచకండి, వైద్యం దాన్నిబట్టే ఉంటుంది.

ఉత్తరం పెద్దదైపోయింది. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే నా షాపు సంగతులు, అమెరికా సంగతులు కత్తిరించండి, పై రెండు పేరాలు మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమాని,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా