నెలలు నిండని బిడ్డల కంటి పరీక్ష: వైద్యులకు కంప్యూటర్ ద్వారా శిక్షణ తప్పనిసరి చేయాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

ఎనిమిది, తొమ్మిది వందల గ్రాముల బరువుతో పుట్టిన పసికందును నెలల తరబడి కాపాడి ఇంటికి పంపారన్న వార్త పత్రికల్లో కనబడినప్పుడల్లా సంతోషిస్తాను. ప్రభుత్వ వైద్య కళాశాలలో నేత్రవైద్యం బోధించి రిటైరైనవాణ్ణి కావడం వల్ల, ఆ బిడ్డ రెటీనాను (కంటి లోపలి చూపు పొరను) ఎవరైనా పరీక్షించారా లేదా అన్న ఒక్క మాట కోసం ఆ వార్తంతా వెతుకుతాను. చాలాసార్లు ఆ మాట ఉండదు.

గర్భంలో ఉన్న బిడ్డకు రెటీనా రక్తనాళాలు కంటి నరం దగ్గర మొదలై అంచుల దాకా పాకడం దాదాపు తొమ్మిది నెలలు నిండేదాకా సాగుతుంది. ఆ ఎదుగుదల పూర్తికాక ముందే పుట్టిన బిడ్డలో, ముఖ్యంగా ఆక్సిజన్ మోతాదు అదుపులో లేనిచోట, ఆ నాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చివరకు రెటీనాను లాగి ఊడదీయవచ్చు. ఇదే రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ, వైద్యుల వాడుకలో ఆర్‌ఓపీ. పైకి కన్ను మామూలుగానే ఉంటుంది. నల్లగుడ్డులో తెల్లటి మెరుపు తల్లి కంటబడే సరికి చేయగలిగింది ఇంచుమించు ఏమీ మిగలదు. అందుకే 34 వారాల లోపు పుట్టినా, 2000 గ్రాముల లోపు బరువున్నా 30 రోజులు నిండేలోగా తొలి పరీక్ష జరగాలనీ, 28 వారాల లోపు లేదా 1200 గ్రాముల లోపు పిల్లలకు పుట్టిన రెండు మూడు వారాలకే చేయాలనీ మన దేశంలో నియమం పెట్టుకున్నాం. చికిత్స అవసరమని తేలితే లేజర్ చేయడానికి ఉండే గడువు రెండు మూడు రోజులే.

నియమం బాగానే ఉంది, ఆ పరీక్ష చేయగలిగిన వైద్యుడు జిల్లాకు ఎంతమంది ఉన్నారన్నదే నా ఆందోళన. నేను పనిచేసిన చోట మూడేళ్ల పీజీ చదువులో ఒక విద్యార్థి ఆర్‌ఓపీ ఉన్న కన్నును స్వయంగా చూసే సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే వచ్చేవి. అది ఎవరి అశ్రద్ధా కాదు. కిలోన్నర కూడా లేని బిడ్డ రెప్పలు తెరిచి పట్టి, కనుగుడ్డును పక్కనుంచి మెల్లగా ఒత్తి చూస్తున్నప్పుడు గుండె వేగం పడిపోవచ్చు, ఊపిరి క్షణం ఆగిపోవచ్చు; పక్కన నర్సు మానిటర్ మీద నుంచి చూపు తిప్పకూడదు. అలాంటి బిడ్డ ముందు ఆరుగురు విద్యార్థులను వరుసలో నిలబెట్టలేం. "ఇంకొక్కసారి చూస్తాను సార్" అని అడిగిన విద్యార్థిని నేను ఎన్నోసార్లు వెనక్కి పంపాను. బిడ్డ క్షేమం చూస్తే అది న్యాయమే. కానీ ఆ విద్యార్థే ఆ విద్య పట్టుబడకుండా పట్టా తీసుకుని జిల్లా ఆసుపత్రిలో చేరాడన్న సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

పైగా ఇది సులువుగా గుర్తుపట్టే జబ్బు కాదు. రెటీనా మధ్యభాగంలో నాళాలు ఉబ్బి మెలికలు తిరిగే స్థితిని ప్లస్ అంటారు. చికిత్స నిర్ణయం చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో 22 మంది నిపుణులకు 34 చిత్రాలు చూపిస్తే, అందరూ ఒకే మాట చెప్పినవి 4 మాత్రమే. 2021లో సవరించిన అంతర్జాతీయ వర్గీకరణ కూడా ప్లస్‌ను ఉంది, లేదు అని గీత గీసి చెప్పేదిగా కాక, కొద్దికొద్దిగా ముదిరే స్థితిగా చూడమంటోంది. నిపుణులకే ఇంత కష్టమైన దాన్ని ఐదారు కేసులు చూసిన యువ వైద్యుడు గుర్తుపట్టాలని ఆశించడం ఆ వైద్యుడికీ, బిడ్డకూ అన్యాయం.

దీనికి కంప్యూటర్ ఆధారిత శిక్షణ సరిగ్గా సరిపోతుంది. బిడ్డ ఎన్ని వారాలకు పుట్టిందో, ఎంత బరువుందో చెప్పి, విశాలంగా తీసిన రెటీనా చిత్రాలు తెర మీద ఉంచుతారు. ఏ జోన్ (జబ్బు రెటీనాలో ఏ భాగంలో ఉంది), ఏ దశ (ఎంత ముదిరింది), ప్లస్ ఉందా, చికిత్స కావాలా అన్నవి విద్యార్థి తేల్చాలి. తప్పయితే ఎక్కడ తప్పిందో అక్కడికక్కడే తెలుస్తుంది. ఒకే చిత్రాన్ని పదిసార్లు చూసినా ఏ బిడ్డకూ నొప్పి ఉండదు. అమెరికా, కెనడా, మెక్సికోలలో శిక్షణలో ఉన్న నేత్రవైద్యులకు ముందొక పరీక్ష, తర్వాత పాఠాలు, చివర మరో పరీక్ష పెట్టి చూసినప్పుడు నిర్ధారణలో కచ్చితత్వం స్పష్టంగా పెరిగిందని తేలింది.

అయితే అక్కడి చిత్రాలనే తెచ్చి మన విద్యార్థుల ముందు పెడితే చాలదు. సంపన్న దేశాల్లో తీవ్రమైన ఆర్‌ఓపీ ఎక్కువగా అతి తక్కువ బరువున్న పిల్లల్లోనే కనిపిస్తుంది. మన దగ్గర కిలోన్నర దాటిన పిల్లలకూ వస్తుంది, మెట్టు మెట్టుగా ముదరకుండా ఒక్కసారిగా విరుచుకుపడే రకం కూడా అలాంటి పిల్లల్లో కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990ల చివరి నుంచి ఈ పిల్లలను పరీక్షిస్తోంది. కర్ణాటకలో 2008లో మొదలైన కిడ్‌రాప్ కార్యక్రమంలో శిక్షణ పొందిన సాంకేతిక సిబ్బంది కెమెరాతో జిల్లాల శిశు కేంద్రాలకు వెళ్లి చిత్రాలు తీస్తున్నారు. మన పిల్లల చిత్రాలు మన దగ్గరే ఉన్నాయి. పేర్లు తొలగించి, తల్లిదండ్రుల అనుమతితో, ఒక్కొక్క చిత్రానికి ముగ్గురు నిపుణుల అభిప్రాయాలు జతచేసి పాఠాలుగా మలచాలి. నిపుణులు విభేదించిన చిత్రాలను దాచకుండా విద్యార్థికి చూపాలి.

తెర మీద చదివినంత మాత్రాన చెయ్యి తిరగదని నాకు తెలుసు. కనుగుడ్డును ఒత్తి అంచుల దాకా చూసే నేర్పు బొమ్మ కళ్ల మీద మొదలుపెట్టి, అనుభవజ్ఞుడి పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. ఏం చూస్తున్నాడో ముందే తెలిసిన విద్యార్థి మాత్రం బిడ్డ దగ్గర తక్కువ సమయం తీసుకుంటాడు.

1996లో తమిళనాడులోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 29వ వారంలో, 1250 గ్రాముల బరువుతో పుట్టిన పాపకు ఈ పరీక్ష జరగక చూపు పోయింది. 2015 జూలై 1న సుప్రీంకోర్టు ఆ కుటుంబానికి సుమారు 1.8 కోట్ల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ డబ్బులో చిన్న భాగంతో ఒక రాష్ట్రంలోని పీజీ విద్యార్థులందరికీ ఇలాంటి శిక్షణ ఏర్పాటు చేయవచ్చని నా నమ్మకం.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలను నేను కోరేది ఇదే. నేత్రవైద్య పీజీ విద్యార్థులకు ఈ శిక్షణను రెండో ఏడాదిలో తప్పనిసరి చేసి, చివరి పరీక్షలో ఆర్‌ఓపీ చిత్రాల మీద ప్రశ్నలు పెట్టాలి. ఏ బిడ్డను ఎప్పుడు పంపాలో తెలియాల్సిన పిల్లల వైద్య పీజీలకు, శిశు సంరక్షణ కేంద్రాల నర్సులకు చిన్న పాఠం రూపొందించాలి. ఇప్పటికే జిల్లా ఆసుపత్రుల్లో పనిచేస్తున్న కంటి వైద్యులకూ వచ్చే విద్యా సంవత్సరంలోనే ఈ అవకాశం ఇవ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత నేత్రవైద్య అధ్యాపకుడు,
హనుమకొండ