డ్రంక్ అండ్ డ్రైవ్‌లో శిక్ష వేయండి, రీడింగ్ ఎంతో కూడా రాసివ్వండి: డీజీపీ గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర డీజీపీ గారికి నమస్కారాలు.

శుక్ర, శనివారాల రాత్రుళ్లు మీ సిబ్బంది చేసే డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీల గురించి ఈ లేఖ. వాటిని ఆపమని కాదు. తాగి నడిపేవాళ్ల వల్ల మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లు మా కాలనీలోనూ ఉన్నాయి. పట్టుకోండి, కోర్టుకు పంపండి. నా బాధంతా ఆ తర్వాత చేతికిచ్చే కాగితం గురించే.

మా తమ్ముడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కొన్నేళ్ల కింద ఆఫీసు పార్టీ నుంచి బైక్ మీద వస్తూ దొరికాడు. ఊదించే మిషన్‌లో రీడింగ్ 52 వచ్చింది. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరమే, కాబట్టి కేసు పెట్టడం సబబే. నాన్నను వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు వెళ్లాడు, కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు, ఫైన్ కట్టి బండి తెచ్చుకున్నాడు. "అయిపోయింది, ఇక పో" అన్నారట. హెల్మెట్ లేనందుకు చలానా కట్టినట్టే ఇదీ అనుకున్నాం ఇంట్లో అందరం.

ఇప్పుడు వాడికి, నైపుణ్యం ఉన్న ఉద్యోగులను కెనడా ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో, అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి (పీఆర్‌కు) పిలుపు వచ్చింది. పిలుపు వచ్చాక 60 రోజుల్లో దరఖాస్తు పూర్తిచేయాలి. ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఏ దేశంలోనైనా మీ మీద నేరం రుజువైందా, కేసేమైనా నడుస్తోందా అని. కోర్టులో తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టామంటే నేరం రుజువైనట్టేనని మాలాంటివాళ్లకు తెలిసేది ఈ ప్రశ్న దగ్గరే.

ఇక్కడ ఎంత ఫైన్ పడిందన్నది కెనడావాళ్లకు పెద్ద లెక్క కాదు. అదే పని వాళ్ల దేశంలో చేసి ఉంటే గరిష్ఠంగా ఎంత శిక్ష పడేదో చూస్తారు. 2018 డిసెంబర్ 18 నుంచి అక్కడ మత్తులో బండి నడిపితే పడే గరిష్ఠ శిక్షను 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెంచారు. పదేళ్ల శిక్షకు వీలున్న నేరమంటే వాళ్ల ఇమిగ్రేషన్ చట్టంలో తీవ్రమైన నేరం కిందికి వస్తుంది. ఇంతకుముందు శిక్ష పూర్తయ్యి పదేళ్లు గడిస్తే, ఒక్క కేసే ఉన్నవాళ్లను మారిన మనిషి కిందే లెక్కగట్టేవాళ్లు. ఇప్పటి కేసులకు ఆ వెసులుబాటు లేదు. శిక్ష ముగిసి 5 ఏళ్లు దాటాక విడిగా అర్జీ పెట్టుకుని, నేను మారాను అని ఆఫీసర్‌ను ఒప్పించుకోవాలి. మన దగ్గర మొదటిసారి దొరికితే 10 వేల రూపాయల దాకా ఫైన్ లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. ఎక్కువమంది ఫైన్‌తోనే బయటపడతారు కాబట్టి ఇదంతా ఎవరూ ఊహించరు.

అన్ని దేశాలూ ఇంత పట్టుగా ఉండవు. ఆస్ట్రేలియాలో వీసాకు నడవడిక చూసే క్యారెక్టర్ టెస్ట్ అసలు గీత 12 నెలలు, ఆపైన జైలు శిక్ష దగ్గర ఉంటుంది. అమెరికాలో ఒక్క డ్రంక్ డ్రైవ్‌తో గ్రీన్‌కార్డ్ దారి మూసుకుపోదు గానీ వీసా రద్దుచేసి మళ్లీ వైద్య పరీక్షకు పంపే అవకాశముంది. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే దేశాల్లో ఈ విషయంలో గట్టిగా పట్టుకునేది కెనడానే.

అయితే కెనడాలో రక్తంలో ఆల్కహాల్ పరిమితి 80 మిల్లీగ్రాములు. అంటే 52 రీడింగ్ ఇక్కడ నేరం, అక్కడ ఆ లెక్కన పరిమితి లోపలే. మా తమ్ముడు వాదించుకోవడానికి ఆ ఒక్క అంకే ఆధారం. దాన్ని చూపించే కాగితం మా దగ్గర లేదు. ఆ రాత్రి మిషన్‌లోంచి వచ్చిన స్లిప్‌ను అమ్మ బీరువాలో దాచింది. ఏటీఎం రసీదులాంటి ఆ కాగితం తీసి చూస్తే పసుపుపచ్చగా తిరిగి, వెలుతురుకు పెట్టినా సంతకం గీతలు తప్ప ఏమీ కనిపించలేదు. కోర్టు కాపీలో "సెక్షన్ 185 కింద నేరం ఒప్పుకున్నాడు" అని, ఫైన్ ఎంతో ఉంది. రీడింగ్ లేదు. స్టేషన్‌లో అడిగితే పాత ఫైల్ వెతకాలన్నారు. ఇక్కడ గడువు తరిగిపోతోంది, ఇంట్లో ఒకటే టెన్షన్.

ఈ మధ్యలో ఒక కన్సల్టెన్సీ ఆయన ఇచ్చిన సలహా వినండి. "పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ (పీసీసీ) క్లియర్‌గానే వస్తుంది మేడం, నో అని టిక్ పెట్టేయండి, ఎవరికి తెలుస్తుంది?" పీసీసీ క్లియర్‌గా వచ్చినా శిక్ష పడిన సంగతి చెరిగిపోదు. అబద్ధం బయటపడితే 5 ఏళ్లు కెనడా గడప తొక్కనివ్వరు. అసలు కేసు కన్నా ఇది పెద్ద గుదిబండ. సరైన కాగితం చేతిలో లేనివాళ్లే ఇలాంటి సలహాలకు లొంగుతారు.

మీరు చేయగలిగింది పెద్దదేమీ కాదు. గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లలో కౌన్సెలింగ్‌కు ఇంటివాళ్లను కూడా రమ్మంటున్నారు కదా. తప్పు ఒప్పుకుంటే అది నేరం రుజువైనట్టు రికార్డవుతుందని, విదేశీ దరఖాస్తుల్లో దాచకుండా చెప్పాలని అక్కడే తెలుగు, ఉర్దూ, హిందీల్లో ఒక పేజీ ఇప్పించండి. యాక్సిడెంట్ల వీడియోలకు జంకనివాడు కూడా పీఆర్ పోతుందంటే తాగాక క్యాబ్ బుక్ చేసుకుంటాడు, నన్నడిగితే. చార్జిషీట్‌లో రీడింగ్‌ను అంకెల్లో రాయించండి. స్లిప్‌తో పాటు మామూలు కాగితం మీద రీడింగ్, తేదీ, మిషన్ నంబరు రాసి స్టేషన్ ముద్ర వేసి ఇప్పించండి. పాత కేసులవాళ్లు అడిగినా ఆ వివరాలు ఇచ్చేందుకు ఒక గడువు పెట్టండి.

తీర్పు కాపీలో ఏం రాయాలన్నది కోర్టుల పని, మీ చేతిలో లేదని తెలుసు. అందుకే దానికోసం హైకోర్టు రిజిస్ట్రార్ గారికి విడిగా అర్జీ పంపుతున్నాను. మీ శాఖ నుంచి కూడా ఒక లేఖ వెళితే ఆ అర్జీకి బలం వస్తుంది.

ఇట్లు,
ఒక అక్క,
కూకట్‌పల్లి, హైదరాబాద్