గంట నిండకుండానే నీళ్లలోంచి వచ్చేస్తున్న మీకు

మన ఈతకొలను గేటు పక్కన మార్చిలో నేనొక బోర్డు పెట్టించాను. సాధన మధ్యలో వెళ్లిపోయేవారికి ఆ క్లాసు మరో రోజుకు మార్చబోమని దానిమీద రాయించాను. నిన్న ఉదయం దాన్ని తీయించేశాను. ఎందుకు పెట్టానో, ఎందుకు తీశానో మీ అందరికీ చెప్పాల్సిన బాధ్యత నాకుంది. మీ గురించి నేను తప్పుగా ఆలోచించాను.

గంట క్లాసుకు వచ్చిన పెద్దవాళ్లు అరగంటకో, నలభై నిమిషాలకో గట్టెక్కేస్తుంటే నాకు బాధగా ఉండేది. పిల్లలను పొమ్మన్నా నీళ్లు వదలరు. పెద్దలు మాత్రం తెల్లవారకముందే లేచి, నిజాంపేట నుంచో మియాపూర్ నుంచో బండి మీద వచ్చి, సగంలో తువ్వాలు చుట్టుకుంటున్నారు. పట్టుదల లేకపోవడమే కారణమని అనుకున్నాను. ఏప్రిల్ చివర్లో, యాభై దాటిన ఒకావిడ ఆ బోర్డు ముందు ఆగి, "బాబూ, ఇది నా గురించే పెట్టారా?" అని అడిగారు. కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకు ముందే వెళ్తున్నారమ్మా అని అడిగాను. కాసేపు తటపటాయించి చెప్పారు. అరగంట ఈదేసరికి మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. మరుగుదొడ్డి భవనం వెనక ఉంది. తడిబట్టలతో ఆఫీసు గది ముందు నుంచి, ఎదురుచూస్తున్న తల్లిదండ్రుల మధ్య నుంచి వెళ్లి, మళ్లీ అలాగే తిరిగి రావడం ఇష్టంలేక ఇంటికి వెళ్లిపోతున్నారు. ఆవిడ మన దగ్గరికి రెండేళ్లుగా వస్తున్నారు.

ఆ రోజు నుంచి, ముందుగా బయటికి వచ్చిన ప్రతి ఒక్కరినీ నేనే పలకరించాను. మొదట అందరూ ఆఫీసు పని అనే చెప్పారు. రెండోసారి, మూడోసారి అడిగితే అసలు సంగతులు వచ్చాయి.

మూత్రం సంగతి ఆవిడ ఒక్కరిదే కాదు, చాలామందిది. దీన్ని కొంచెం వివరంగా చెబుతాను, సిగ్గుపడేవాళ్లు ఇక సిగ్గుపడకూడదని. మెడవరకు నీళ్లలో ఉన్నప్పుడు నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరుతుంది. గుండె గదులు కాస్త సాగుతాయి. ఒంట్లో ద్రవం ఎక్కువైందని శరీరం అనుకుని, బయటికి పంపమని మూత్రపిండాలకు సంకేతం ఇస్తుంది. నీళ్లు చల్లగా ఉంటే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని ఇది మరింత పెరుగుతుంది. ఇంటి దగ్గర వెళ్లి వచ్చినా మళ్లీ వెళ్లాల్సి వచ్చేది అందుకే. అది జబ్బు కాదు, వయసు తెచ్చిన బలహీనత అంతకన్నా కాదు. ఇరవై ఏళ్ల కుర్రవాడికీ జరుగుతుంది. మీరు మంచినీళ్లు తాగడం మానేయడం దీనికి పరిష్కారం కాదు. మరుగుదొడ్డి దగ్గరగా ఉండాలి. ఆ ఏర్పాటు చేయాల్సింది నేను.

ఇక్కడే రెండో విషయం ముడిపడి ఉంది. మే నెలలో కళ్లు మండుతున్నాయని, గొంతులో గరగర అని, క్లోరిన్ మరీ ఎక్కువ వేస్తున్నారని మీలో చాలామంది అన్నారు. నేను పరీక్ష చేసి అంతా సరిగానే ఉందని చెప్పాను. నా దగ్గర ఉన్నది చుక్కలు వేస్తే నీరు పసుపు రంగుకు తిరిగే పాత కిట్టు. అది మొత్తం క్లోరిన్‌నే చూపిస్తుంది. క్రిములను చంపే క్లోరిన్ ఎంత మిగిలిందో, చెమటతోనూ మూత్రంతోనూ కలిసిపోయిన క్లోరిన్ ఎంతో అది విడదీసి చెప్పదు. కళ్లు మండించేది, ఘాటు వాసన వచ్చేది ఆ కలిసిపోయిన క్లోరిన్ వల్ల. దాని పేరు క్లోరమిన్లు. అంటే వాసన గుప్పుమన్నప్పుడు నీళ్లలో పనికొచ్చే క్లోరిన్ ఎక్కువైందని కాదు, చాలా సందర్భాల్లో చాలడం లేదని అర్థం. ఆ రెండింటినీ విడివిడిగా కొలిచే, గులాబీ రంగు చూపే డీపీడీ అనే కిట్టు తెప్పించి కొలిస్తే సంగతి తేలింది. మీరు చెప్పిందే నిజం, నేను చెప్పింది తప్పు. క్షమించండి.

వేసవి శిబిరాల పిల్లలు అంతమంది దిగితే నీళ్లు అలా కావడం సహజం. అందుకు తగ్గట్టు నేను సిద్ధపడలేదు. షవర్లు రెండే ఉన్నాయి, ఒకదానిలో నీళ్లు సన్నగా వస్తాయి. ఆ వరుసలో నిలబడలేక చాలామంది స్నానం చేయకుండానే దిగారు. దిగేముందు ఒక్క నిమిషం ఒళ్లు కడుక్కుంటే చెమట, దుమ్ము చాలావరకు పోతాయి. ఈ నెలాఖరుకు మరో నాలుగు షవర్లు వస్తున్నాయి. తలకు కొబ్బరినూనె పట్టించుకుని వచ్చేవారికి ఒక విన్నపం. క్లోరిన్ నుంచి జుట్టును కాపాడుకోవడానికే అలా చేస్తున్నారని తెలుసు. కానీ ఆ నూనె నీటిమీద తెట్టు కట్టి ఫిల్టరులోని ఇసుకకు పట్టేస్తోంది. దానికి బదులు మంచినీళ్లతో జుట్టు బాగా తడుపుకుని టోపీ పెట్టుకోండి. ముందే తడిసిన జుట్టు కొలనులోని నీటిని అంతగా పీల్చదు.

మన కొలనులో మూడు లక్షల లీటర్ల పైచిలుకు నీరు ఉంటుంది. వేసవిలో ఆవిరైన నీటికి బదులు నేను తెప్పించేది బోరు నీళ్ల ట్యాంకర్లు. ఆ నీరు కఠినం, అంటే అందులో సున్నం లాంటి లవణాలు ఎక్కువ. దాన్ని పోసిన ప్రతిసారీ పీహెచ్, అంటే నీటిలోని ఆమ్ల, క్షార గుణాల కొలత, చూసుకోవాలి. 7.8 దాటితే క్లోరిన్ ఉన్నా సరిగా పనిచేయదు. ఇకపై రోజుకు మూడుసార్లు కొలిచి, ఆ అంకెలు మీకు కనిపించేలా గేటు దగ్గర రాస్తాం. పనికొచ్చే క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. కలిసిపోయిన క్లోరిన్ 0.4 దాటితే ఆ రాత్రి కొలను మూసి శుద్ధి చేస్తాం. మరునాటి ఉదయానికి నీళ్లు సిద్ధం కాకపోతే ఆ క్లాసు మీకు తిరిగి ఇస్తాం.

ఇక ఊపిరి గురించి. ముప్పై అయిదేళ్లకో, నలభైకో ఈత నేర్చుకున్నవారు నీళ్లలో ముఖం పెట్టగానే ఊపిరి బిగబడతారు. భయం ఉన్నచోట అది దానంతటదే జరుగుతుంది. బిగబట్టిన ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, గాలి కోసం ఆరాటం పుడుతుంది. దాంతో తల పైకెత్తిన ఆ ఒక్క క్షణంలోనే ఊపిరి వదలాల్సి వస్తుంది, మళ్లీ పీల్చాల్సి వస్తుంది. రెండు లెంగ్తులకే, అంటే కొలను ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు ఈదేసరికే, ఆయాసం వచ్చేది అందుకే. చేతుల్లో, కాళ్లలో బలం లేక కాదు. మేము ఇచ్చిన సాధన మాత్రం అందరికీ ఒకటే: యాభై మీటర్లు ఎనిమిదిసార్లు, మధ్యలో ఇరవై సెకన్ల విరామం. పక్క లేన్‌లో పదేళ్ల పిల్ల రెండోసారి దాటిపోతుంటే, గట్టు పట్టుకుని రొప్పుతున్న మనిషికి ఏమనిపిస్తుంది? ఒకాయన నాతో, "నేను వెనకబడినందుకు కాదు, నా వల్ల వెనకున్నవాళ్లు ఆగిపోతున్నందుకు వెళ్లిపోయాను" అన్నారు. శిబిరాల కోసం నాలుగు లేన్లలో రెండు పిల్లలకు ఇచ్చి, మిమ్మల్నందరినీ మిగతా రెండింటిలోకి నెట్టింది నేనే. వచ్చే వేసవిలో పిల్లల సంఖ్య తగ్గించుకుంటాను గానీ మీ లేన్లు తీసుకోను.

జులై మొదటి తేదీ నుంచి మూడు సాధనలు ఉంటాయి. ముప్పై నిమిషాలది, నలభై అయిదు నిమిషాలది, గంటది. ముప్పై నిమిషాలది గంట సాధనలోని సగం ముక్క కాదు. దానికి దాని సన్నాహం, దాని అసలు పని, దాని ముగింపు ఉంటాయి. ఇరవై లెంగ్తులు, అంటే అయిదు వందల మీటర్లు. అందులో మొదటి అయిదు నిమిషాలు గట్టు పట్టుకుని నీళ్లలోకి బుడగలు వదలడమే. విరామం గడియారం చూసి కాదు, మీ ఊపిరి కుదుటపడ్డాక. ఎనిమిదింటికల్లా మాదాపూర్‌లో ఉండాల్సినవారికి, జేఎన్‌టీయూ కూడలి దాటడం ఎంత కష్టమో నాకు తెలుసు కనుక, ఇది బాగా సరిపోతుంది. సాయంత్రం అమెరికా వాళ్లతో కాల్స్ ఉన్నవారికీ అంతే.

మహిళల బ్యాచ్ విషయంలో నాకు ఎక్కువ బాధ కలిగింది. పదకొండింటికి ముగియాల్సిన బ్యాచ్‌లో పది నలభైకే సగం మంది వెళ్లిపోయేవారు. తర్వాతి బ్యాచ్ మగవాళ్లు పది నలభై అయిదు నుంచే అద్దాల తలుపు బయట నిలబడుతున్నారని, ఒకటి రెండుసార్లు మా పనివాడే శుభ్రం చేయడానికి ముందుగా లోపలికి వచ్చాడని వాళ్లు చెప్పేవరకు నాకు తెలియదు. తెలుసుకోవలసింది. సోమవారం నుంచి రెండు బ్యాచ్‌ల మధ్య ఇరవై అయిదు నిమిషాల ఖాళీ ఉంటుంది. అద్దాలకు బయటి నుంచి లోపల కనిపించకుండా మసక కాగితం అంటించాం. మహిళల బ్యాచ్ జరుగుతున్నంతసేపూ గట్టు మీద ఆడవాళ్లే ఉంటారు.

కొన్ని కారణాలకు మీరు ముందే బయటికి రావాల్సిందే. ఛాతీలో బరువు, తల తిరగడం, గుండె దడ, ఆగని దగ్గుతో ఊపిరి అందకపోవడం, వీటిలో ఏది అనిపించినా ఆ లెంగ్తు పూర్తి చేయాలని చూడకండి. వెంటనే గట్టెక్కి కోచ్‌కు చెప్పండి. చెప్పకుండా బండెక్కి వెళ్లిపోవద్దు, అది నా వేడుకోలు. పిక్క పట్టేస్తే వెల్లకిలా తేలి, కాలివేళ్లను మోకాలి వైపు లాక్కోండి. తగ్గినా ఆ పూటకు చాలించండి, అలసిన కండరం మళ్లీ పట్టేస్తుంది. ఉరుము వినిపిస్తే అందరినీ బయటికి రప్పిస్తాం. చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు దాటేవరకు ఎవరినీ దించం. ఈ విషయంలో ఎవరు అడిగినా ఒప్పుకోను. వాన వల్ల పోయిన క్లాసు మాత్రం మీకు తిరిగి వస్తుంది.

నేను చేయలేనిది కూడా చెప్పాలి. నీళ్లు వేడిచేసే యంత్రం నా స్తోమతకు మించినది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో మన ఆరుబయలు కొలను చల్లగానే ఉంటుంది. ఆ రెండు నెలలు ఉదయం బ్యాచ్‌ను ఏడున్నరకు జరుపుతాను. అప్పటికీ చలికి తట్టుకోలేనివారు ఆ నెలల రుసుమును మార్చికి మార్చుకోవచ్చు.

షవర్లకు, మరుగుదొడ్డి మార్పులకు అప్పు చేశాను. ఆగస్టు నుంచి నెలకు రెండు వందలు పెంచక తప్పడం లేదు. ఇప్పటికే మూడు నెలలకు కట్టినవారికి ఆ గడువు వరకు పాత రుసుమే.

కొత్త మరుగుదొడ్డి కొలను మెట్లకు పది అడుగుల దూరంలో సిద్ధమవుతోంది. బయటివాళ్లకు కనిపించకుండా మధ్యలో గోడ, జారకుండా రబ్బరు చాప, దారి పొడుగునా తువ్వాళ్లకు కొక్కేలు ఉంటాయి. కొక్కేలు ఎంత ఎత్తులో ఉండాలో బోర్డు ముందు నన్నడిగిన ఆవిడే నిన్న వచ్చి చూపించి వెళ్లారు.