దొంగతనం రక్తంలో ఉండదు, డీజీపీ గారూ

నమస్కారం సార్. మొన్న పక్కవీధిలో బంగారం పోతే పోలీసులు నేరుగా వచ్చింది మా ఎరుకల ఇళ్లకే. ఇంటర్ చదివే మా తమ్ముడిని అన్నం కలిపిన చెయ్యి కూడా కడుక్కోనివ్వకుండా జీపెక్కించి, రాత్రి పదకొండింటికి వదిలేశారు. "మీ రక్తంలోనే ఉందిరా" అన్నారట.

ఆ మాట బ్రిటిష్ వాళ్లది. 1871లో కొన్ని తెగలవాళ్లంతా పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసే నేరస్త తెగల చట్టం తెచ్చారు, 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ దాన్ని అమలుచేసి, ఉప్పూ ధాన్యం పశువుల మీద మోసి అమ్ముకునే వ్యాపారం రైళ్లొచ్చి దెబ్బతిన్న మావాళ్లను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో, అంటే నిఘా ఉండే కాలనీల్లో, పెట్టారు. 1952లో చట్టం పోయింది, ముద్ర మాత్రం పోలేదు.

జన్యువుల ప్రభావం లేదని నేను అనను. కోపం, తొందరపాటు లాంటి స్వభావాల్లో వాటి పాత్ర ఉంది. కానీ ఒక్కో జన్యువుది చాలా కొద్దిపాటే, మిగతాదంతా ఇల్లు, బడి, ఆకలి, చిన్నప్పుడు తిన్న దెబ్బలు, వీటన్నిటితో కలిసి నడిచేదే. దొంగతనానికంటూ జన్యువు లేదు, దొంగ కులమనేది అసలే లేదు.

ఒకప్పుడు ఆ చట్టం కింద ముద్ర పడిన తెగలవాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పింది. దాన్ని ప్రతి స్టేషన్‌కీ సర్క్యులర్‌గా పంపండి సార్. తమ్ముడికి మార్చిలో పరీక్షలు, జీపు చప్పుడు వినబడితే చాలు పుస్తకం మూసేస్తున్నాడు.