బోర్డు మీద తోట, ప్లేట్లో సీసా

రెస్టారెంట్ యాజమాన్యానికి,

విషయం: గత మంగళవారం మధ్యాహ్నం జీడిపప్పు కలిసిన పెస్తో (బేసిల్ అనే తులసి జాతి ఆకుతో నూరే ఇటాలియన్ పచ్చడి) వడ్డించడం, మీ బోర్డు మీది రాతకూ వంటింట్లో ఉన్నదానికీ పొంతన లేకపోవడం గురించి ఫిర్యాదు.

నమస్కారం.

గత మంగళవారం మధ్యాహ్నం ఒంటి గంటకు మేం నలుగురం మీ దగ్గర భోజనానికి వచ్చాం. బిల్లు నకలు, ఆ రోజు తీసిన మూడు ఫోటోలు ఈ లేఖతో జత చేస్తున్నాను. మా నలుగురిలో ఒక సహోద్యోగికి జీడిపప్పు పడదు. పడదంటే కడుపులో కాస్త తేడా చేయడం కాదు, గొంతు వాచి ఊపిరి అందకుండా పోతుంది. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ అలాంటప్పుడు వెంటనే వేసుకునే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ ఉంటుంది. ఆ రోజు ఆమెకు ఏమీ జరగలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ మేనేజర్ గారు నాతో మళ్లీ మళ్లీ అన్న మాట ఇదొక్కటే: "ఏమీ జరగలేదు కదా మేడమ్."

జరగలేదు నిజమే. అందులో మీ గొప్పేమీ లేదు.

మీ తలుపు పక్కన ఆ పెద్ద నల్లబోర్డు ఉంటుంది కదా. సుద్దముక్కతో అందంగా రాసి ఉంటుంది: బేసిల్ మా తోటది, ఈ ఉదయం కోసింది, పెస్తో ఇక్కడే రోట్లో నూరింది, పైన్ నట్స్‌తో. పక్కన చిన్న రోలు బొమ్మ కూడా. మా సహోద్యోగి అక్కడే ఆగి మొత్తం చదివింది. అలెర్జీ ఉన్నవాళ్లు మెనూని మనలా చదవరు, లాయర్లు అగ్రిమెంట్ చదివినట్టు చదువుతారు. ఆమెకు పైన్ నట్స్‌తో ఇబ్బంది లేదు, అవి వేరే జాతి గింజలు. జీడిపప్పు, దాని దగ్గరి చుట్టం పిస్తా, ఈ రెండే పనికిరావు. అయినా టేబుల్ దగ్గరికి వచ్చిన కుర్రాణ్ణి మళ్లీ అడిగింది. "పెస్తోలో జీడిపప్పు ఏమైనా కలుస్తుందా?" అతను తడుముకోకుండా చెప్పాడు: "లేదండీ, పైన్ నట్సే. ఇక్కడే చేస్తాం." బోర్డు మీద ఉన్నదే అతనికీ నేర్పారు కాబట్టి అదే చెప్పాడు.

ప్లేటు వచ్చింది. ఆమె ఫోర్క్ ఎత్తలేదు. రంగు చూసి ఆగిపోయింది.

ఇంట్లో ఒక్కసారైనా పెస్తో చేసినవాళ్లకు ఆ రంగు తెలుస్తుంది. అప్పుడే నూరిన పెస్తో గడ్డి మొలిచినట్టు పచ్చగా ఉంటుంది, కాసేపు గాలి తగిలితే పైపొర నల్లబడుతుంది, కింద మాత్రం పచ్చగానే ఉంటుంది. మీ ప్లేట్లోది పైనా కిందా ఒకే రంగు, మిలిటరీ దుస్తుల రంగు. నేను కొంచెం నాలుక మీద వేసుకున్నాను. పుల్లగా ఉంది. పెస్తో పుట్టిన ఇటలీ ఊరు జెనోవా పద్ధతిలో దానిలో పడేవి ఏడే ఏడు: బేసిల్, పైన్ నట్స్, వెల్లుల్లి, పార్మిజానో చీజ్, పెకొరీనో చీజ్, ఆలివ్ నూనె, కల్లుప్పు. వీటిలో పులుపు వచ్చే వస్తువు ఏదీ లేదు. సీసాల్లో అమ్మేదానికి మాత్రం నిల్వ ఉండటానికి ఆమ్లం కలుపుతారు.

కుర్రాణ్ణి పిలిచి, వంటింట్లోకి వెళ్లి ఒకసారి కనుక్కుని రమ్మన్నాను. వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు చేతిలో రెండు కిలోల సీసా ఉంది, మొహంలో రంగు లేదు. ఏమీ మాట్లాడకుండా లేబుల్ మావైపు తిప్పి పెట్టాడు. సన్‌ఫ్లవర్ నూనె, బేసిల్, జీడిపప్పు, బంగాళదుంప పొడి, లాక్టిక్ ఆమ్లం. పైన్ నట్స్ ఉన్నాయి, చివరి వరుసలో, పేరుకి. జీడిపప్పు అన్న మాట బోల్డ్ అక్షరాల్లో ఉంది. ఆ లేబుల్ ఫోటో చూడండి. మీ రెస్టారెంట్‌లో ఆ మధ్యాహ్నం మాకు నిజం చెప్పింది ఆ సీసా ఒక్కటే.

(ఆ కుర్రాడి గురించి ఒక మాట. ఫ్యాక్టరీ సీసా కస్టమర్‌కు చూపించినందుకు అతన్ని ఏమైనా అన్నారేమో నాకు తెలియదు. అని ఉంటే అది ఈ మొత్తం వ్యవహారంలో మీరు చేసిన అన్నిటికన్నా చెడ్డ పని అవుతుంది. అతను చేయాల్సిందే చేశాడు.)

తర్వాత మేనేజర్ గారు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. ప్లేటు డబ్బులు బిల్లులోంచి తీసేశారు, డెజర్ట్ ఫ్రీగా పంపుతామన్నారు. అవి నేను అడగలేదు. బోర్డు గురించి అడిగాను. అప్పుడు ఆయన చెప్పింది ఇంటికి వెళ్లేదాకా నా తలలో తిరుగుతూనే ఉంది. తోట నుంచి వచ్చే సరుకు నిజమేనట, కానీ అది సాయంత్రం డిన్నర్‌కట. మధ్యాహ్నం ఆఫీసుల రద్దీ, అందరూ ఒకేసారి వస్తారు, అప్పుడు నూరుతూ కూర్చుంటే కుదరదు కాబట్టి లంచ్‌కి సీసా వాడతారట. "అది కూడా ఇటలీ నుంచి వచ్చిందే మేడమ్" అని చివర్లో కలిపారు.

అంటే బోర్డు రోజంతా అక్కడే నిలబడి ఉంటుంది, అందులో రాసిన మాట మాత్రం సాయంత్రం ఏడు తర్వాతే నిజం!

మీ కష్టం నాకు అర్థం కాదని అనుకోవద్దు. చుట్టూ ఆఫీసు టవర్లే. పన్నెండున్నరకు ఖాళీగా ఉన్న హాలు ఒంటి గంటకల్లా నిండిపోతుంది, రెండింటికి మళ్లీ ఖాళీ. వచ్చినవాళ్లలో సగం మంది ఫోన్ చూసుకుంటూ తింటారు, మీటింగ్ ఉందని తొందరపెడతారు. నేనూ వాళ్లలో ఒకదాన్నే, రెండేళ్లుగా వారానికి ఒకసారైనా మీ దగ్గరే తింటున్నాను. బేసిల్ ఎంత సున్నితమో కూడా తెలుసు. ఫ్రిజ్‌లో ఎక్కువ చల్లగా పెడితే నల్లబడుతుంది, బయట పెడితే వాడిపోతుంది. చలికాలంలో అసలు దొరకడమే కష్టం. సీసా వాడితే వాడండి. మంచి ఎండు పాస్తా ప్యాకెట్‌లోదే, ఇటలీలో దానికి డ్యూరమ్ గోధుమ రవ్వే వాడాలని 1967 నుంచి చట్టం ఉంది, అక్కడి వంటవాళ్లు దాన్ని తక్కువగా చూడరు. మంచి టమాటా సాస్ డబ్బాలో పెట్టిన టమాటాలతో చేసిందే. ఇటాలియన్ వంటింట్లో అలమరకు తోటంత గౌరవం ఉంది. మీరు అలమరలోంచి తీసి తోట అని రాశారు, నా అభ్యంతరం అది.

నిజానికి నాకు ఇంతకుముందే అనుమానం రావాల్సింది. ఈ రెండేళ్లలో ఆ బోర్డు మీద టమాటాల వరుస ఒక్కసారి కూడా మారలేదు. ఎండాకాలం అదే రాత, చలికాలం గడ్డకట్టే రోజుల్లోనూ అదే రాత: ఈ ఉదయం కోసినవి. ఆ తోటకు రుతువులు లేవు కాబోలు అని మేం టేబుల్ దగ్గర జోకులు వేసుకున్నాం కూడా. కానీ ఎవరం అడగలేదు. లోపల క్రీమ్ ఉండే బుర్రాటా చీజ్ సంగతీ అంతే. ఈ ఉదయం చేసింది అని రాసి ఉంటుంది. ఇటలీలో ఆంద్రియా ఊళ్లో పుట్టిన ఆ చీజ్‌ని చేసిన ఒకటి రెండు రోజుల్లో తినేస్తారు, అదీ ఫ్రిజ్ చల్లదనం పోయాక. మంగళవారం మాకు వచ్చినదాని పై తొడుగు రబ్బరులా సాగింది, కోస్తే లోపలి క్రీమ్ జారలేదు, ముద్దగా నిలబడింది, ఐస్‌లా చల్లగా. మామూలుగా అయితే దీని గురించి ఒక్క ముక్క కూడా రాసేదాన్ని కాదు. చీజ్ బాగాలేకపోతే పక్కకు పెడతాం, అంతే. పెస్తో సీసా చూశాక మాత్రం ఆ బోర్డు మీది ప్రతి వరుసా అనుమానంగానే కనిపిస్తోంది.

తోట నుంచి నేరుగా టేబుల్ మీదికి అన్న ఈ ఆలోచనకు ఒక మర్యాద ఉంది. 1971లో ఆలిస్ వాటర్స్ కాలిఫోర్నియాలో బర్క్‌లీ పట్టణంలో షే పనీస్ అనే రెస్టారెంట్ తెరిచి, ఏ రోజు దగ్గరి రైతుల దగ్గర ఏది బాగుంటే ఆ రోజు అదే వండే పద్ధతికి పేరు తెచ్చింది. అక్కడ మెనూ రోజూ మారుతుంది. మారక తప్పదు, ఎందుకంటే తోట మారుతుంది. ఇదంతా తర్వాత ఫ్యాషన్ అయ్యాక ఏమైందో కూడా లోకం చూసింది. 2016లో ఫ్లోరిడాలో టాంపా బే ప్రాంతపు పత్రిక ఒకటి, మెనూల మీద తోటల పేర్లు రాసుకున్న రెస్టారెంట్ల గురించి ఆ తోటల వాళ్లనే అడిగి చూసింది. మేం వాళ్లకు ఏమీ అమ్మడం లేదని కొందరు రైతులు చెప్పారు. ఆ కథనాలు చదివినప్పుడు ఎక్కడో దూరంగా జరిగిన సంగతిలే అనుకున్నాను. మీ బోర్డు మీద తోట అన్న మాట ఉంది, ఏ తోటో, ఎవరిదో లేదు. అది ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు.

సరే, మీరు ఏం చేయాలని అడుగుతున్నానో చెబుతాను.

ఇటలీలో మామూలు హోటల్లో కూర్చున్నా మెనూలో కొన్ని వంటకాల పక్కన చిన్న నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. కింద సన్న అక్షరాల్లో ఉంటుంది: ఇది ఫ్రోజెన్ సరుకు కావచ్చు అని. ఆ గుర్తు పెట్టకుండా ఫ్రోజెన్ సరుకు అమ్మితే అక్కడ కోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. నక్షత్రం చూసి లేచిపోయినవాళ్లను నేనెప్పుడూ చూడలేదు. తెలిసి తింటారు, అంతే. మీ లంచ్ మెనూ మీద ఆ నక్షత్రం పెట్టండి. ఏది తోటదో, ఏది సీసాదో, ఏది బయట చేయించిందో దాని పక్కనే రాయండి. మధ్యాహ్నానికి వర్తించని మాటలుంటే ఆ బోర్డును సాయంత్రం దాకా లోపల పెట్టుకోండి. సుద్దరాత చెరపడానికి ఒక తడి గుడ్డ చాలు.

దీనికన్నా ముఖ్యమైనది అలెర్జీల సంగతి. యూరప్‌లో 2011 నాటి నిబంధన ప్రకారం 14 రకాల పదార్థాల విషయం తినేవాళ్లకు తెలియజేయాలి, జీడిపప్పు వాటిలో ఉంది. మీకు వర్తించే చట్టం ఏదైనా కావచ్చు, పద్ధతిగా మాత్రం అదే మంచిది. మీరు వాడే ప్రతి సీసా, ప్రతి ప్యాకెట్ లేబుల్‌ను ఫోటో తీసి ఒక ఫైలులో పెట్టి, టేబుళ్ల దగ్గర నిలబడేవాళ్ల చేతికివ్వండి. ఎవరైనా అడిగితే బోర్డు చూసి కాకుండా ఫైలు చూసి చెప్పాలి. బ్రాండ్ మారిన రోజే ఫైలూ మారాలి. ఫైలులో లేకపోతే "తెలియదండీ, కనుక్కుని చెబుతాను" అనే స్వేచ్ఛ వాళ్లకుండాలి. అలెర్జీ ఉన్నవాళ్లకు తెలియదు అన్న జవాబుతో ఏ ఇబ్బందీ లేదు, ఇంకోటి ఆర్డర్ చేసుకుంటారు. ధైర్యంగా చెప్పిన తప్పు జవాబే వాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్తుంది.

ఆ రోజు మా సహోద్యోగి రంగు గమనించకపోయి ఉంటే? లైటింగ్ ఇంకాస్త మసకగా ఉండి ఉంటే? ఆమెకు మీటింగ్ ఉండి హడావిడిగా మొదటి ముద్ద పెట్టేసుకుని ఉంటే? మీ హాలులో మధ్యాహ్నం పూట సగం మంది తినేది అలాగే కదా. ఆమె ఆ రోజు నుంచి లంచ్‌కి డబ్బా తెచ్చుకుంటోంది. టెన్షన్ పడి కాదు, విసుగొచ్చి అంది. ప్రతి చోటా ప్రతిసారీ డిటెక్టివ్ పని చేయడం విసుగు కాదా అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

నాకు డబ్బు వాపసు అక్కర్లేదు, కూపన్లు పంపకండి. ఈ లేఖ చేరిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. అందులో మూడు సంగతులు తేలాలి: లంచ్‌లో ఇలా సీసాల్లోంచి వచ్చేవి ఇంకా ఏమేం ఉన్నాయి, బోర్డు గురించి ఏం చేశారు, అలెర్జీ ఉన్నవాళ్లు అడిగితే చెప్పే పద్ధతి ఎలా మార్చారు. జవాబు మా సహోద్యోగి పేరున కూడా ఉండాలి, ఆమె వివరాలు జత కాగితంలో ఉన్నాయి. గడువులోగా రాకపోతే ఇదే లేఖ, ఇవే ఫోటోలతో ఆహార భద్రతా అధికారులకు వెళ్తుంది. ఇది బెదిరింపు అనుకోకండి, తర్వాత చెప్పలేదనకుండా ఇప్పుడే చెబుతున్నాను.

ఇంకో సంగతి. మా టీమ్ డిన్నర్‌కి వచ్చే నెల ఇరవై రెండు మందికి మీ దగ్గర బుకింగ్ ఉంది, నా పేరు మీదే. దాన్ని నేను ఇంకా రద్దు చేయలేదు.

ఇట్లు,
రెండేళ్లుగా మీ దగ్గర మంగళవారాలు తింటున్న కస్టమర్

జత చేసినవి: బిల్లు నకలు, బోర్డు ఫోటో, ప్లేటు ఫోటో, సీసా లేబుల్ ఫోటో, మా సహోద్యోగి వివరాల కాగితం