బోరుకొచ్చిందని ఎలా తేల్చాడు?

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. మీ నాన్నగారి 1998 మారుతి 800ని చూసి "ఇంజన్ బోరుకొచ్చింది, దించాల్సిందే" అన్నాడా మెకానిక్? అంటే సిలిండర్లు లోపల అరిగాయి, ఇంజన్ దించి మళ్లీ బోరు చేయించాలనేగా! దేన్నిబట్టి తేల్చాడు? కాస్త పొగ, కాస్త పికప్ లేకపోవడం, అంతేగా! నాడి కూడా పట్టుకోకుండా ఆపరేషన్ రాసే డాక్టర్ దగ్గరికి వెళ్తామా? అది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు. దానికి వేడే పెద్ద శత్రువు, అరుగుదల ఆ తర్వాత.

ముందు పొగ రంగు చూడు. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వదిలి ఆగిపోతే వాల్వ్ సీళ్లు, అంటే వాల్వుల పక్కనుంచి ఆయిల్ లోపలికి కారకుండా ఆపే రబ్బర్లు, ఎండిపోయాయని అర్థం. వాటిని మార్చడానికి ఇంజన్ దించక్కర్లేదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద అనుమానపడాలి. నల్ల పొగకు ఇంజన్ అరుగుదలతో సంబంధం లేదు. చోక్ పూర్తిగా తెరుచుకోకపోవడమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడమో, కార్బరేటర్‌లో ఫ్లోట్ లెవల్ ఎక్కువవడమో కారణం. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే మాత్రం బండి తీయకు. హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయుంటుంది.

ఇక అసలు పరీక్ష కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో చూడటం. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో 14 ఎంఎం ప్లగ్ మరకు సరిపోయే కంప్రెషన్ గేజ్ ఒకటి కొనుక్కో. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి, మూడు ప్లగ్గులూ విప్పు. ఇగ్నిషన్ కాయిల్ వైర్ పీకెయ్, లేకపోతే విప్పిన ప్లగ్ రంధ్రం పక్కనే నిప్పురవ్వ పడొచ్చు. బ్యాటరీ ఫుల్‌గా ఉండాలి. ఇంకొకరిని కూర్చోబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టమని, సెల్ఫ్ నాలుగైదు చుట్లు కొట్టించు. యాక్సిలరేటర్ తొక్కకపోతే గాలి అందక మంచి ఇంజన్ కూడా చచ్చినట్టే చూపిస్తుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

కొత్త ఇంజన్‌కి 170 పీఎస్ఐ పైన రావాలి. హైదరాబాద్ ఎత్తుకు అందులో పది దాకా తగ్గుతుంది, కంగారుపడకు. నీ బండి వయసుకు 150 వస్తే బంగారం. 140 కంటే దిగితే ఆలోచించాలి. అయితే అంకె కన్నా తేడా ముఖ్యం. సిలిండర్ల మధ్య 14 పీఎస్ఐ మించి తేడా ఉండకూడదు. 155, 150, 110 వచ్చాయనుకో, ఆ మూడో దాంట్లో ప్లగ్ రంధ్రం గుండా ఒక టీస్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. అంకె గబుక్కున పెరిగితే ఆయిల్ రింగుల సందు మూసిందన్నమాట, రింగులు అరిగాయి. కదలకపోతే గాలి పైనుంచి, అంటే వాల్వుల దగ్గర కారుతోంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తగ్గితే వాటి మధ్య గాస్కెట్ కాలిపోయి ఉండొచ్చు.

వాల్వులంటున్నానని హెడ్డు దింపించకు, ముందు టాపెట్లు, అంటే వాల్వుల్ని నొక్కే భాగాల దగ్గరి సందు, చూడు. చల్లటి ఇంజన్ మీద ఆ సందులో 0.15 ఎంఎం ఫీలర్ గేజ్ రేకు కాస్త పట్టుకుంటూ జారాలి. ఒక్కో సిలిండర్ పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చినప్పుడు దాని రెండు టాపెట్లూ సెట్ చెయ్యాలి, మొత్తం ఆరు. టిక్ టిక్‌మని మోగే టాపెట్‌ని చూసి అందరూ భయపడతారు గానీ, చప్పుడు చేయకుండా బిగుసుకుపోయినదే వాల్వుని కాలుస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని సీటుకు తగిలినప్పుడే వదుల్చుకుంటుంది. పూర్తిగా మూసుకోకపోతే ఆ వేడి ఎటు పోతుంది? ఎలాగూ టాపెట్ల మీది కవర్ తీస్తావు కాబట్టి దాని గాస్కెట్ కొత్తది వెయ్యి, సగం ఆయిల్ మరకలు అక్కడివే.

థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపే వాల్వ్, ఉందో లేదో చూశావా? మనవాళ్లకి ఇదొక జబ్బు, బండి వేడెక్కితే దాన్ని పీకి పారేస్తారు. అది లేకపోతే ఇంజన్ ఎప్పుడూ సరిగ్గా వేడెక్కదు. పెట్రోల్ ఆవిరి కాకుండా సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, రింగులు మరింత త్వరగా అరుగుతాయి. వేడిని తగ్గిద్దామని బోరు కొని తెచ్చుకున్నట్టు! థర్మోస్టాట్ ఉంటే దాన్ని గిన్నెలో వేసి, నీళ్లు పోసి, థర్మామీటర్ పెట్టి మరిగించు. దాని మీద ముద్రించిన డిగ్రీ దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. తెరుచుకోకపోతే కొత్తది కొను. రేడియేటర్‌లో బోరుబావి నీళ్లు మాత్రం వద్దు, కెటిల్ అడుగున తెల్లగా గట్టిపడేది లోపల కూడా గట్టిపడుతుంది. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటరే కలుపు. మూత రబ్బరు పగిలితే మూత మార్చు, ప్రెజర్ నిలవకపోతే నీళ్లు తొందరగా మరుగుతాయి.

ఆయిల్ 20డబ్ల్యూ-40 చాలు. చిక్కటిది పోస్తే పొగ కొన్నాళ్లు దాక్కుంటుంది, అంతే. ఫ్లష్ కెమికల్ పొయ్యనివ్వకు, ఏళ్ల నాటి మడ్డి ఒక్కసారి ఊడి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడుతుంది. ఫిల్టర్‌తో సహా ఇప్పుడు ఒకసారి, వెయ్యి కిలోమీటర్లకు ఇంకోసారి మార్చు, మడ్డి మెల్లగా వచ్చేస్తుంది. ఆ తర్వాత 5,000కో ఆరు నెలలకో. వేడి మీద ఐడ్లింగ్‌లో ఎర్ర ఆయిల్ లైటు మినుకుమంటే స్విచ్ తప్పనుకోకుండా గేజ్ పెట్టించి ప్రెజర్ చూడు. అది నిజంగా తక్కువుంటే బేరింగుల సంగతి, అప్పుడు మెకానిక్ మాట వినాలి.

టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు దొరక్కపోతే మార్చెయ్. అలాగే పెట్రోల్ పైపులు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌ని దృష్టిలో పెట్టుకుని ఆ కాలపు రబ్బరు చేయలేదు. మెత్తబడినా, పగుళ్లిచ్చినా కొత్తవి వేయించు. వేడి ఇంజన్ పక్కన పెట్రోల్ చుక్క చాలు కొంప ముంచడానికి.

ఆదివారం పొద్దున్నే గేజ్ పెట్టి బెల్టు వైపు నుంచి ఒకటి, రెండు, మూడు అని రాసుకో. ముందు పొడిగా వచ్చినవి, తర్వాత ఆయిల్ పోశాక వచ్చినవి, మొత్తం ఆరు అంకెలు పంపు. పిన్నిని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
రవి