లెక్కను పైకి చదివించండి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఆరో తరగతి నోటుపుస్తకాలు తిరగేస్తుంటే ఒక లెక్క కంటపడింది. అయిదుకు మూడు కలిపి, వచ్చినదాన్ని రెండుతో హెచ్చవేయాలి. బాబు ఇలా రాశాడు: 5 + 3 = 8 × 2 = 16. టీచర్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. "జవాబు పదహారే కదా మేడమ్, తప్పెందుకు?" అని వాడు నన్నడిగాడు. రాసింది రాసినట్టు పైకి చదవమన్నాను. "అయిదూ మూడూ కలిపితే ఎనిమిది రెళ్ళకు సమానం..." అంటూనే నాలుక కరుచుకున్నాడు. "అంటే ఎనిమిదీ పదహారూ ఒకటే అని రాశానా!"

చాలామంది పిల్లలకు సమానం గుర్తు (=)లోని ఆ రెండు గీతలంటే "ఇక జవాబు రాయి" అనే అర్థం. కాలిక్యులేటర్‌లో ఆ మీట నొక్కగానే జవాబు రావడం చూస్తారు కదా. ఆ గుర్తును 1557లో తన పుస్తకంలో ప్రవేశపెట్టింది వేల్స్‌కు చెందిన వైద్యుడు రాబర్ట్ రికార్డ్. "సమానం" అని మాటిమాటికీ రాయలేక, ఒకే పొడవున రెండు సమాంతర గీతలు గీశాడు. వాటికంటే సమానమైనవి ఇంకేముంటాయన్నాడు. అటూ ఇటూ సరితూగితేనే అది గీయాలి.

అంతకు నాలుగు శతాబ్దాల ముందే మన భాస్కరాచార్యుడు తెలియని సంఖ్యలను యావత్తావత్తు, కాలక, నీలక అని పిలిచి, "యా", "కా", "నీ" అని పొడి అక్షరాలతో రాశాడు. కాలక అంటే నలుపు, నీలక అంటే నీలం. ఎక్స్‌ను చూసి బెదిరే పిల్లలకు ఈ రంగుల సంగతి చెబితే ముఖాలు విప్పారుతాయి.

భిన్నాల దగ్గర ఇంకో చిక్కుంది. 3/4ను బడిలో "త్రీ బై ఫోర్" అని పైనుంచి చదువుతాం. తెలుగులో "నాలుగింట మూడు వంతులు" అంటాం, కింది అంకె ముందొస్తుంది. నాకు మన పద్ధతే నచ్చుతుంది. అట్టును ముందు నాలుగు ముక్కలు చేస్తాం, తర్వాతే మూడు తీసుకుంటాం. మాట కూడా అదే వరసలో నడుస్తుంది.

మీకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు. రాత్రి హోంవర్క్ అయ్యాక ఒక్క లెక్క తీసి, "ఇది తెలుగులో చదివి వినిపించు" అనండి. తడబడిన చోట పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి పంపండి. జవాబు మాత్రం మీరు చెప్పొద్దు. ఆ చుక్కలు మర్నాడు మా లెక్కల టీచర్లు చూసుకుంటారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు